షోర్వాలో ఇంకో గిన్నెడు నీళ్లు

ఏం కూర వండుతున్నారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? మీకు ఇదొక ప్రశ్నలాగే అనిపించకపోవచ్చు. పప్పు వండినవాళ్లు పప్పంటారు. చేపలు వండినవాళ్లు చేపలంటారు. మా ఇంట్లో మాత్రం అడిగినవాళ్లను బట్టి జవాబు మారేది. చుట్టాలు అడిగితే 'బడే కా'. మాదిగ వాడకట్టు నుంచి వచ్చే అత్త అడిగితే 'పెద్దకూర'. బళ్లో టీచర్ అడిగితే ఉత్త 'కూర'. ఇంటి ఓనరమ్మ అడిగితే 'మటన్'. ఒక్క గిన్నెలో ఉన్న ఒక్క కూరకి నాలుగు పేర్లు. అందులో నాలుగోది అబద్ధం. దాన్ని నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మీయే నేర్పింది. ఐదుపూటలా నమాజు చదివే అమ్మీ, పక్కింటి చెట్టు కింద రాలిన జామకాయ తెస్తే చెవి మెలేసి వాళ్లకే ఇచ్చి రమ్మన్న అమ్మీ.

అబద్ధం ఆడితే గునా కదా అమ్మీ అని అడిగాను. "ఆడకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలె బేటీ" అంది. ఆ మాట అప్పుడు నాకు జవాబుగానే తోచింది. ఇప్పుడు తోచడం లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నల్లగొండ జిల్లాలో చిన్న టౌను మాది. తొమ్మిదిమంది తినే ఇల్లు, ఒక్కడి జీతం. మటన్ కొనే పైసలకి పెద్దకూర రెండింతలకు పైగా వచ్చేది. అలా తెచ్చినా వారానికి ఒక్కసారే. ఒక్క కిలో తొమ్మిది పళ్లేలకు ఎలా సరిపోతుంది? ముక్కతో సరిపోదు, షోర్వాతోనే సరిపోవాలి. అమ్మీ వంటంతా షోర్వా చుట్టూనే తిరిగేది. ఉల్లిగడ్డ ఎర్రగా వేగేదాకా కదిలేది కాదు. అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పు వేసి ముక్కను దాని నీళ్లలోనే మగ్గనిచ్చేది. ముదురు మాంసమైతే పచ్చి బొప్పాయి ముక్క ఒకటి వేసేది. ఎండుకొబ్బరి, నువ్వులు, గసగసాలు దోరగా వేయించి రోట్లో మెత్తగా నూరి కలిపితే షోర్వా చిక్కబడేది. ఎముకలు ఎక్కువ పడ్డ రోజు శెనగపప్పు, సొరకాయ, చింతపండు పులుసు వేసి దాల్చా. ఎండాకాలం మొదట్లో చింతచిగురు, మిగతా రోజుల్లో గోంగూర. మంట సన్నగా ఉండాలి, మనిషికి ఓపిక ఉండాలి. తొందరపెడితే ఆ కూర లొంగదు. బీదవాళ్ల కూర అని తేలిగ్గా అనేస్తారుగానీ, దానికి పట్టే పొద్దూ పనీ చూస్తే అంత ఖరీదైన కూర ఇంకోటి లేదు.

తర్వాత కుక్కర్ వచ్చింది. కుక్కర్ చాడీలు చెప్తుందని ఎవరనుకుంటారు? మటన్ మూడు నాలుగు కూతలకి ఉడుకుతుంది. దీనికి ఏడో ఎనిమిదో కావాలి. ఓనరమ్మ బయట అరుగు మీద కూర్చుని కూతలు లెక్కపెడుతుందేమోనని అమ్మీ భయం. నాలుగో కూత కాగానే దించేసి, ఆవిరి పోయాక మళ్లీ ఎక్కించేది. ఊదుబత్తి వెలిగించేది. ఇంట్లో వంట ఒక దొంగతనంలా సాగేది.

బడే కా అంటే ఆవే అనుకుంటారు చాలామంది. మా ఊరి దుకాణంలో వేలాడేది బర్రెదో దున్నదో. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం ఆవునూ దూడనూ కోయకూడదు, మిగతా పశువుకు కోతకు తగినదని అధికారి రాసివ్వాలి. ఈ సంజాయిషీ ఎన్నోసార్లు ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ నామీద నాకే చిరాకు వేసింది. బర్రె వెనక దాక్కుని నేను మంచిదాన్నని నిరూపించుకోవడం ఏమిటి? అడిగేవాళ్లకి కావలసింది పశువు పేరు కాదు, నా తలవంపు.

ప్రవక్త అబూజర్ గారికి చెప్పినట్టు ఒక హదీసు ఉంది. షోర్వా వండినప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువాళ్లకు పంచమని దాని సారం. చిన్నప్పుడు అరబ్బీ చెప్పే మౌల్వీసాబ్ నోట విన్నాను. అమ్మీ దాన్ని అక్షరాలా పాటించేది. షోర్వాలో ఇంకో గిన్నెడు నీళ్లు పడేవి. ఒక గిన్నె మాదిగ వాడకట్టు అత్తకు. మరి గోడ అవతలి పొరుగు? ఆ ఓనరమ్మే కదా! పొరుగువాళ్లకు పంచమన్న షోర్వాని మేం పొరుగువాళ్ల నుంచే దాచేవాళ్లం. ఆమెకు రంజాన్‌కి షీర్ ఖుర్మా వెళ్లేది, అదీ పాలూ సేమియాలూ విడిగా, వండకుండా.

అమ్మీ అబద్ధానికి ఒక హద్దుండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంటర్ చదివేటప్పుడు ఒక దోస్తు చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది. ఆకలి మీదుంది. నేను అన్నం పెట్టి, 'మటన్' అన్నాను అలవాటుగా. ఆమె ముద్ద కలిపింది. అమ్మీ వంటింట్లోంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అది బడే కా బేటీ. నీకు కోడిగుడ్డు వేస్తా, జర ఆగు" అంది. ఓనరమ్మకి అబద్ధం చెప్పిన నోటితోనే. నా పళ్లెంలో ఏముందో నేను దాచుకోవచ్చు. ఇంకొకరి నోట్లోకి ఏం పోతుందో దాచకూడదు. అమ్మీ ఇలా మాటల్లో చెప్పలేదు, చెప్పగలిగేది కూడా కాదు. ఆ దోస్తు గుడ్డుతో తినిపోయింది. మళ్లీ రాలేదు. నిజం చెప్పినందుకు దోస్తీ పోయింది, చెప్పకపోతే ఆమె నమ్మకం పోయేది. అమ్మీ చేసిందే ఒప్పని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ రాత్రి అమ్మీతో మాట్లాడలేదు.

నేను చేసిన తప్పు ఒకటుంది. గవర్నమెంటు బళ్లో టీచర్‌గా ఉద్యోగం వచ్చాక తోటి టీచర్లను దావత్‌కి పిలిచాను. మటన్ తెప్పించాను. మాటల్లో ఒకాయన, "మీరు కూడా అది తింటారా?" అన్నాడు. "మేం తినం సార్, ఎవరో కొందరు తింటారు" అన్నాను. అమ్మీ పక్కనే బిర్యానీ వడ్డిస్తోంది. ఆమె చెయ్యి ఆగలేదు. నాది ఇల్లు కాపాడుకోవడానికి చెప్పిన అబద్ధం కాదు. నన్ను పెంచిన గిన్నెను ఎవరిదో అని తోసేశాను. మనలో కాస్త కలిగినవాళ్లు 'మా ఇంట్లో చోటేకా తప్ప రాదు' అని గొప్పగా చెప్పుకుంటారు చూడండి, ఆ వరసలో నేనూ చేరిపోయాను. ఖురేషీల దుకాణంలో కొనుక్కుని, వాళ్లతో సంబంధం కలుపుకోవడానికి మాత్రం ముఖం తిప్పుకునేవాళ్లం కూడా మనమే. అంబేద్కర్ 1948లో వచ్చిన పుస్తకంలో అంటరానితనం మూలాన్ని గొడ్డుమాంసం తినడంతో ముడిపెట్టి వాదించారు. ఆ మైల మన దస్తర్‌ఖాన్ మీదికి కూడా ఎలా వచ్చి కూర్చుందో మనం మాట్లాడుకోం.

సెక్యులర్ మిత్రులతో ఇంకో ఇబ్బంది. మా ఇంటికొచ్చి, "బీఫ్ లేదా? మీ ఇంట్లో కూడా లేకపోతే ఎట్లా?" అంటారు. వాళ్లకది ఒక ధిక్కారం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేసి దెబ్బలు తిన్నారు. వాళ్ల ధిక్కారం నాకు అర్థమవుతుంది, అది వాళ్ల సొంత ఇంటి కూర కోసం. మా మిత్రులు మాత్రం నా వంటింట్లో తిని వాళ్ల ప్రగతిని రుజువు చేసుకుంటారు. తిన్నాక వాళ్లు వాళ్ల ఇళ్లకు పోతారు, నేను కుక్కర్ కూతల మధ్య ఉంటాను.

2015 సెప్టెంబర్ 28 రాత్రి ఉత్తరప్రదేశ్ దాద్రి దగ్గర బిసాడాలో మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్లోంచి లాగి కొట్టి చంపారు. ఆవు మాంసం తిన్నారన్న పుకారు మీద. తర్వాత ఆ మాంసం దేనిదో తేల్చడానికి పరీక్షకు పంపారు. నేనూ అందరిలాగే ఫలితం కోసం ఎదురుచూశాను. మేక మాంసమే అయి ఉండాలని కోరుకున్నాను. కోరుకున్నాక నన్ను చూసి నేనే భయపడ్డాను. మేకది కాకపోతే? చంపినవాళ్ల ప్రశ్ననే నేనూ అడుగుతున్నాను కదా. అప్పటి నుంచి 'మటన్' అనే మాట నా నోట్లో ఇదివరకులా తేలిగ్గా తిరగడం లేదు. అయినా చెప్పడం మానలేదు. అద్దెకున్న ఫ్లాటు, లిఫ్టులో ఎదురయ్యే ముఖాలు, బయట ఆడుకునే పిల్లలు. ధైర్యం ఒక్కరిదైతే దెబ్బ ఇంటిల్లిపాదికీ.

అమ్మీ పోయి నాలుగేళ్లయింది. ఆ దావత్ రోజు మాటకి మాఫీ అడగలేదు. అడుగుదామనుకున్న ప్రతిసారీ ఆమె "తిన్నవా?" అని అడిగేది, మాట అటు పోయేది.

మొన్న ఆదివారం దాల్చా చేశాను. అలవాటు కొద్దీ ఇంకో గిన్నెడు నీళ్లు పోశాను. ఇచ్చేందుకు ఈ అంతస్తులో ఎవరూ లేరు, రెండు రోజులు మేమే తిన్నాం. సోమవారం మా ఐదో తరగతి బాబు బడి నుంచి వచ్చాడు. ఆదివారం ఎవరింట్లో ఏం వండారో పిల్లలందరినీ టీచర్ చెప్పించిందట.

"నువ్వేం చెప్పావు?" అన్నాను.

"కూర అన్నా."

నేనెప్పుడూ వాడికి నేర్పలేదు. వాడి నాన్న కూడా నేర్పలేదు, అడిగి తెలుసుకున్నాను.

"ఏం కూర అని అడగలేదా?"

వాడు బూట్లు విప్పుకుంటూ, "అడిగేలోపు కూర్చున్నా అమ్మీ" అన్నాడు.