మంచె - మాటు

మంచె యనగానే మనలో ననేకుల మనస్సునకు తోచునది జొన్నచేనినడుమ నాలుగు గుంజలపై కట్టిన కట్టెల పందిరియు, దానిపై నిలిచి వడిసెలతో పిట్టల నదలించు రైతుపడుచును. వేటకానికి తోచు మంచె వేఱు. అది చెట్టుకొమ్మల సందున ఆకులచే గప్పబడి, తుపాకికిగాని వింటికిగాని అనువైన యాసనము. భాష రెంటికిని ఒక్కపేరే పెట్టినది. కట్టడ మొక్కటే, యెత్తొక్కటే, రాత్రి మేలుకొనుటయు నొక్కటే. అయినను మొదటివాడు కావలి యున్నాడనియు, రెండవవాడు మాటువేసినాడనియు మన పల్లెవారు పొరపాటులేక చెప్పగలరు. ఈ భేదము ఎచ్చటనుండి కలిగినది? కూర్చున్నవాని మనస్సునుండియా, చేతనున్న యాయుధమునుండియా, మంచెకు ఎన్నుకొన్న చోటినుండియా? చోటినుండియే యని మా యభిప్రాయము.

ఇది తీరికగలవారి తర్కము కాదు. 1953వ సంవత్సరము వఱకు బళ్లారిజిల్లాలోనుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలునకు వచ్చి చేరిన ఆదోని, ఆలూరు సీమలలో రైతులకిది ఏటేట వచ్చు చిక్కు. అచ్చటి నల్లరేగడి మైదానములు కృష్ణజింకకు నివాసము. దట్టమైన యడవి దానికి గిట్టదు. కంటిచూపు, కాళ్లవడి, ఈ రెండే దాని రక్షణ. చాటులేని బయలే దానికి కోట. (దుప్పి, కణుజులవలె ఏటేట కొమ్ములు రాల్చు జాతి యిది కాదనియు, మెలిదిరిగిన దీని కొమ్ములు జీవితాంతము నిలుచుననియు ప్రాణిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనకు మాత్రము అన్నియు జింకలే.) కృష్ణసారము తనంతట తాను సంచరించు భూమి యజ్ఞమునకు యోగ్యమైనదని మనుస్మృతి చెప్పినది. ఆంధ్రప్రదేశమునకు నేడది రాష్ట్రజంతువు. ఇంతటి గౌరవము పొందిన యీ జంతువు తెల్లవాఱుజామున మందగా వచ్చి బుడ్డల మొలకలను, శనగపైరును, ప్రత్తిలేతాకులను మేసిపోవును. మేసినది కొంత, త్రొక్కినది కొంత.

మందలు పగలు నిలుచుచోటు బంజరు, మేతపోరంబోకు, గుట్టలక్రింది గరుకునేల. అది సర్కారు నేల, అనగా అందఱిది. కాలక్రమమున బంజరులు దున్నబడి తగ్గినవి. ఒకప్పుడు జింకల వెంటబడుచుండిన చీతా మనదేశమున నశించినదని 1952లో ప్రకటింపబడెను. 2022లో ఆఫ్రికానుండి తెచ్చి విడిచిన చీతాలు మధ్యప్రదేశమునందలి కూనో యడవిలో నున్నవి గాని యీ సీమకు రాలేదు. తోడేళ్లును అరుదైనవి. మేత తగ్గి, శత్రువు తొలగి, జింక మిగిలినది. తుంగభద్ర దిగువకాలువ పాఱు పొలములు వానలు వెనుకబట్టిన తరువాతను పచ్చగా కన్పట్టుచుండ అది ఎచ్చటికి పోవును?

వేటకాడు మంచెకు చోటెన్నుకొను విధమును చూతము. అతడు మొదట అడుగుజాడలను, పెంటికలను వెదకును. కృష్ణజింకలలో మగది తన యెల్లను కాచుకొనుచు మరల మరల ఒక్కచోటనే పెంటికలు వేయును గనుక, దాని రాకపోకలు తెలియుట కష్టముకాదు. తరువాత గాలి యెటు వీచుచున్నదో చూచును. తన వాసన జింకవైపు పోరాదు. ప్రొద్దు తనకు వెనుకను, జింకకు కన్నులలోను ఉండవలెను. తాను మంచెయొద్దకు వచ్చు త్రోవ జింక నడచు త్రోవను దాటరాదు. ఇవియన్నియు నేర్పునకు సంబంధించిన సంగతులు. వీనియందు తప్పొప్పుల ప్రసక్తి లేదు. కాని యీ సీమలో చెట్లు తక్కువ, జింకచూపు దూరము. ఎంత నేర్పున్నను చాలక వేటకాడు తుదకు నీటియొద్దకు చేరును. ఎండకాలమున కుంటలన్నియు నెండి యొక్కమడుగు మిగిలినప్పుడు, దానిగట్టు తుమ్మచెట్టుపై నెక్కినవానికి ఓపిక తప్ప వేఱు విద్య యక్కఱలేదు. అచ్చట జింకను గెలుచుచున్నది అతడు కాదు. దాని దప్పి దానిని పట్టియిచ్చుచున్నది.

మన పూర్వులు వేటను నిందింపలేదు. రాజులకది ధర్మమనియే పలికిరి. అయినను వేటకు సంబంధించిన మూడు పెద్దకథలలో వారు విచారణకు పెట్టినది చంపుటను గాదు, చంపుటకు ఎన్నుకొన్న సమయమును, చోటును. పాండురాజు మృగరూపమున నున్న కిందమమునిని కొట్టెను. మృగమును చంపితివని నిన్ను నిందింపను, సంగమసమయముననైన నీవు ఆగకపోతివే యని ముని యడిగెను. వాలి చాటునుండి కొట్టబడి, ఇది యేమి ధర్మమని రాముని ప్రశ్నించెను. మనుష్యులు మృగములను వలలచేతను, ఉరులచేతను, చాటుననుండియు పట్టుదురు గనుక దోషము లేదని రాముడు ఉత్తరము చెప్పెను. ఈ యుత్తరము ఎంతమందికి తృప్తి నిచ్చినదో పాఠకులే యెఱుగుదురు. చాటుననుండుట దోషముకాదని మేమును ఒప్పుకొందుము. పులియును పొదచాటుననే పొంచియుండును. మా ప్రశ్నకు ముఖ్యమైనది మూడవకథ.

దశరథుడు యువరాజుగా నున్నకాలమున వానకాలపు రాత్రి సరయూతీరమున మాటువేసెను. నీటికి వచ్చు దున్ననో, ఏనుగునో, మఱియొక మృగమునో కొట్టవలెనని యతని కోరిక. కడవ మునుగు చప్పుడు ఏనుగు నీరు త్రావు చప్పుడువలె వినబడగా శబ్దమునుబట్టి బాణము విడిచెను. చచ్చినవాడు అంధులగు తల్లిదండ్రులకు నీరు తేవచ్చిన మునికుమారుడు. చూడక కొట్టుట తప్పని ఈ కథకు మనము నీతి చెప్పుకొనుచున్నాము. అది నిజమే. కాని దాని వెనుక మఱియొకటి యున్నది. దశరథుడు కూర్చున్నచోటు రేవు. ఆ చోటికి ఏనుగు వచ్చినను, బాలకుడు వచ్చినను దప్పియే కారణము. చీకటిలో నతడు రెంటిని వేఱుపఱుపలేకపోయెననుటలో విశేషము లేదు; ఆ రేవున రెంటికిని భేదము లేదు. వచ్చినది ఏనుగే యైనచో కథ లేకపోవుచుండెను గాని, చోటుయొక్క దోషము అట్లే యుండెడిది.

దీనికి సమాధానముగా కొందఱు అమెరికాదేశపు ఆచారమును చూపవచ్చును. అచ్చట ప్రభుత్వపుటడవులలో చెట్టుపై ఆసనము కట్టుకొని తెల్లతోక దుప్పులను వేటాడుట సామాన్యుల వాడుక. దానికి అనుమతిపత్రము కావలెను, ఋతునియమము కలదు, చంపదగినన్నిటికి లెక్క కలదు. 1937నాటి చట్టముచే తుపాకులపైనను మందుగుండుపైనను వచ్చు పన్ను వన్యమృగముల పోషణమునకే చేరును. పలుచోట్ల తోడేలు నశించి దుప్పులు పెరిగినందున ఈ వేట యవసరమని వారి వాదము. పైనుండి దగ్గఱగా కొట్టుటచే మృగము గాయపడి పరుగెత్తి బాధపడుట తగ్గుననియు, తప్పిపోయిన గుండు నేలలోనికే పోవుననియు వారందురు. ఈ మాటలు త్రోసివేయదగినవి కావు. ఎత్తు కొన్నియెడల దయకును సాధనమగును. వారి నియమములలో మాకు నచ్చినది మఱియొకటి కలదు. ప్రభుత్వభూమిలో చెట్టునకు మేకులు కొట్టి శాశ్వతముగా మంచె నిలుపరాదని పలురాష్ట్రముల కట్టడి. అందఱి నేలపై కూర్చుండుటకు హక్కున్నది గాని ఆ చోటు తనదని యనుటకు హక్కులేదు. మన బంజరులోని నీటిగుంటపై నొకడు మంచెకట్టి కూర్చున్నచో, జింకకే గాదు, మేకలకాపరికిని, పుల్లలేరుకొను ముసలిదానికిని ఆ గుంట పరాయిదగును.

రైతుమంచెకు ఇదేదోషము పట్టదా యని యొక యాక్షేపణ రావచ్చును. జింక చేనికి వచ్చుట ఆకలిచేతనే గదా! నిజమే. కాని కావలివాడు జింక రాకూడదని కోరి కూర్చుండును. మాటువాడు రావలెనని కోరి కూర్చుండును. ఇది మనస్సులోని భేదము మాత్రమే యైనచో కనుగొనుట కష్టమగును గాని, చెవికి తెలియుచున్నది. కావలివాడు దగ్గును, పాడును, రేకుడబ్బా కొట్టును, ప్రక్కచేనివానిని కేకవేయును. మాటువాడు ఊపిరి బిగబట్టును. కావలిమంచె చేనికి నడుమ నలుగురికి కనబడునట్లు లేచియుండును. పాతచీరలు త్రాళ్లకు కట్టి గాలికాడించుటయు నీ తెగలోనిదే. ఎమ్మిగనూరు మగ్గములయొద్ద నేసిన చీర యొకటి యిల్లాలి మేనిపై నలిగి, పసిబిడ్డకు ఉయ్యెలయై, తుదకు బుడ్డలచేనికి కంచెగా నిలుచుట ఆ సీమలో వింత కాదు.

మంచెలేని మాటు మఱియొకటి యిప్పుడు బయలుదేఱినది. అది చేనిచుట్టు దొంగతనముగా పాఱించు విద్యుత్తీగ. అది దగ్గదు, చూడదు, ఆగదు. దానిని పెట్టినవాడు ఇంట నిద్రించుచుండును. జింకకు పెట్టిన తీగ తెల్లవాఱకముందే నీరుపెట్ట వచ్చిన ప్రక్కచేనివాని ప్రాణము తీయుటయు కలదు. ఇదియు చీకటిలో విడిచిన బాణమే. దశరథుడు చప్పుడునైన వినెను.

ఇంతవఱకు చెప్పి యూరకుండుట మాకు సులభము. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే కృష్ణజింక మొదటి షెడ్యూలులో నున్నది. చంపుటయే గాక ఉచ్చుపన్నుట, ఎరవేయుట, అందులకు ప్రయత్నించుటయు వేటయే యని ఆ చట్టము నిర్వచించినది. ఆ షెడ్యూలులోని జంతువు మనుష్యుల ప్రాణమునకు ముప్పుతెచ్చినప్పుడో, మానరాని రోగముననో గాయముననో పడినప్పుడో తప్ప దానిని చంపుటకు అనుమతి యీయరాదు. పంట మేయుట ఆ కారణములలో చేరదు. ఈ కట్టడి మంచిదే. కాని దీని ఖర్చు నెవరు భరించుచున్నారు? ఆదోనియొద్ద నొక రైతు మాతో, "జింకకు సర్కారు కావలుంది సామీ, మా బుడ్డలకెవరు కావలి?" అనెను. మేడపై కూర్చుండి జింకను ప్రేమించు మనకు ఆ ప్రేమవలన ఒక్కరాత్రి నిద్ర చెడదు. చెడుచున్నది రైతు నిద్ర; పాముల భయమున బ్యాటరీదీపము పట్టుకొని తండ్రితో కావలి పోవు బాలుని చదువు. బట్టమేకపిట్టకొఱకు 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యమున కృష్ణజింకలు పెరిగి చుట్టుప్రక్కల పొలములపై బడగా, ఊరివారికి జింకయన్నను, పిట్టయన్నను, ఆ కంచెయన్నను కూడ వైరమే కలిగినది. ఒకరి సొమ్ముతో మఱియొకరు పుణ్యము చేయబూనినచోట ఇట్టి వైరము పుట్టక మానదు.

కాబట్టి బంజరు అందఱిదైనట్లే, జింక అందఱిదైనట్లే, కావలియు అందఱిది కావలెను. ఇది గాలిలోని మాట కాదు. విడివిడిగా నున్నప్పుడు షావుకారులకు లోబడియుండిన సాలెకుటుంబములు 1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఎమ్మిగనూరున సహకారసంఘముగా నేర్పడి నూలును, అమ్మకమును ఉమ్మడి చేసికొన్నవి. మగ్గమునకు కుదిరినది మంచెకు కుదరదనుటకు కారణము మాకు కనబడదు. చేనొకనిదైనను, కావలి ఊరుమ్మడిగా నుండవచ్చును. కావలికూలిలో పట్టణవాసులకును భాగముండవలెను. జింకబొమ్మను గోడకు తగిలించుకొని సంతోషించువారు ఏడాదికొకనాటి కూలి యిచ్చినను వారికి లోటురాదు.

అట్టి మంచెను ఎచ్చట వేయవలెననునది మిగిలియున్నది. బంజరునకును పైరునకును నడుమనున్న గట్టుపై వేయవలెను. గుంజలు ఎత్తుగా, నలుదిక్కులకు కనబడునట్లు నిలువవలెను. నిచ్చెన గట్టిదై, నడుమునకు కట్టుకొనుటకొక త్రాడుండవలెను. నిద్రమత్తున పడువారు కలరు. నీటిగుంటకు ఎంతదూరముగా నుండిన అంత మేలు. ఎండకాలమున గుంట యెండినచో ఊరివారు బంజరులోపల, చేలకు దూరముగా, ఒక తొట్టి కట్టి నీరు పోయింపవలెను. దానిగట్టున ఎవ్వరును కూర్చుండరాదు. మంచెపై రాత్రికి ఇద్దఱు చొప్పున వంతులు. ఒక రేకుడబ్బా, ఒక దీపము, ఒక కంబళి. బడికిపోవు పిల్లలకు వంతు వేయరాదు.