బొమ్మే కదా అనగలమా?

జాతరలో బుడగలు కాల్చే దుకాణం ముందు ఎవరూ ధర్మసందేహంలో పడరు. చెక్కపలక మీద రంగు రంగుల బుడగలు, పాత గాలితుపాకీ, గురి తప్పితే పక్కనున్న దోస్తుల నవ్వులు. పది రూపాయలో ఇరవయ్యో పోతాయి, అంతే. అదే పలక మీద దుకాణందారు మొన్నటి ఎన్నికల్లో ఓడిన నాయకుడి ఫొటో అంటించాడనుకుందాం. మంచిర్యాలలోనైనా, చెన్నూరులోనైనా గంట తిరక్కముందే లొల్లి మొదలవుతుంది. చిరిగింది కాగితమేనని ఎంత మొత్తుకున్నా వినేవాళ్లుండరు.

గురికి ముఖం వస్తే ఏం మారుతుంది? ఇది పోలీసులకు, షూటింగ్ శిక్షకులకు వదిలేసే ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, విగ్రహాన్ని పూజించే సమాజానికి ఇంకా దగ్గరి ప్రశ్న.

ద్రోణుడు శిష్యులను పరీక్షించింది చెట్టు మీద పెట్టిన పక్షితో. అది ప్రాణమున్న పక్షి కాదు, పనివాళ్లతో చేయించిన బొమ్మ. 1900 పారిస్ ఒలింపిక్స్ వేళకు మనిషి అంతకన్నా వెనక్కి పోయాడు. అక్కడి పోటీలో ప్రాణమున్న పావురాలనే ఎగరేసి కాల్చారు. ఇప్పుడు ఆ పావురాల చోట 11 సెంటీమీటర్ల బిళ్లలు ఎగురుతున్నాయి. 2012 లండన్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఎదురుగా ఉన్నది అర మిల్లీమీటరు చుక్క. ఆ చుక్కకు కులం లేదు, మతం లేదు, దాని తరఫున ఏడ్చే అమ్మ లేదు.

సైన్యం దారి వేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైన్యం గుండ్రటి గురులను పక్కనపెట్టి, మనిషి ఆకారంలో హఠాత్తుగా లేచి నిలబడే గురులను తెచ్చింది. ఎదుటి మనిషి మీద కాల్చడానికి చాలామంది సైనికుల చేయి ఆడలేదని సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1947లో రాశాడు. ఆయన చెప్పిన లెక్కలను తర్వాతి చరిత్రకారులు గట్టిగానే తప్పుపట్టారు. లెక్కలు ఎలా ఉన్నా, ఆకారం మార్చడం వెనక ఉద్దేశం మాత్రం దాపరికం లేనిది: యుద్ధంలో ఎదురయ్యేదానికి చేతిని ముందే అలవాటు చేయాలి.

అలవాటు పడేది చెయ్యి ఒక్కటేనా? 2015 జనవరిలో అమెరికాలో బయటపడిన ఒక సంగతి ఈ ప్రశ్నను వీధిలోకి తెచ్చింది. ఫ్లోరిడాలోని నార్త్ మయామీ బీచ్ పోలీసులు గురి సాధనకు అరెస్టయినవాళ్ల ఫొటోలు వాడారు. అదే రేంజికి వచ్చిన నేషనల్ గార్డ్ మహిళా సార్జెంటుకు తూట్లు పడిన నల్లజాతి ముఖాలు కనిపించాయి. వాటిలో ఒకటి ఆమె సొంత సోదరుడిది, ఏళ్ల కిందటి అరెస్టు నాటి ఫొటో. ముఖాలు గుర్తుపట్టే సాధన కోసమే వాడామనీ, మిగతా జాతులవాళ్ల ఫొటోలూ ఉన్నాయనీ పోలీసులు సమర్థించుకున్నారు. చివరికి వాడకం ఆపారు.

ఈలోగా కొందరు క్రైస్తవ పాస్టర్లు ఒక పని చేశారు. చర్చి దుస్తుల్లో ఉన్న తమ ఫొటోలను పంపి, గురిగా వీటిని పెట్టుకోండి అన్నారు. వేదాంత గ్రంథాలు చాలా పేజీలు తీసుకునే వాదాన్ని వాళ్లు ఒక్క ఫొటోతో ముగించారు.

మన దగ్గరి వాదం ఇంకాస్త చిక్కుముడి. వినాయకుడి మట్టిబొమ్మకు ప్రాణప్రతిష్ఠ చేస్తాం, నిమజ్జనానికి ముందు ఉద్వాసన చెబుతాం. అంటే నీళ్లలో కలిసేది మళ్లీ వట్టి మట్టే. మంత్రంతో పిలవని బొమ్మలో ఎవరూ లేరని ఈ లెక్కన అనవచ్చు. 2019 జనవరి 30న అలీగఢ్‌లో హిందూ మహాసభ నాయకురాలు గాంధీ బొమ్మను ఎయిర్ పిస్టల్‌తో కాల్చినప్పుడు కూడా, శాస్త్రం ప్రకారం అందులో ఎవరూ లేనట్టే. అయినా కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి. అవి జరగకపోయినా చూసినవాళ్లకు ఒళ్లు మండేది. బొమ్మలో గాంధీ లేకపోవచ్చు, కాల్చేవాళ్ల మనసులో మాత్రం ఉన్నాడు.

ఏకలవ్యుడి కథా ఈ మాటే చెబుతుంది. అడవిలో మట్టితో ద్రోణుణ్ని చేసుకున్నప్పుడు పురోహితుడు లేడు, ప్రతిష్ఠ లేదు. అతను గురువనుకున్నాడు, గురువైంది. భక్తి మట్టికి అంత చేయగలిగితే ద్వేషం కాగితానికి ఏమీ చేయదని ఎలా అంటాం?

అయితే ఇక్కడ ఒక గొయ్యి ఉంది, ఉత్తర తెలంగాణకు దాని లోతు తెలుసు. బొమ్మను పొడిస్తే మనిషికి తగులుతుందన్న నమ్మకం చాలా పాతది. అథర్వవేదానికి చెందిన కౌశిక సూత్రంలో మట్టిబొమ్మ గుండెలో బాణం దించే వశీకరణ క్రియ ఉంది. ఆ నమ్మకమే చేతబడి, బాణామతి పేర్లతో ఊళ్లలో తిరుగుతోంది. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో మంత్రాల అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను చంపేశారు. బొమ్మకు శక్తి అంటగడితే బలయ్యేది నిజమైన మనుషులు. కాబట్టి తేల్చి చెప్పాల్సిందే: ఫొటో మీద గుండు ఫొటోలోని మనిషిని తాకదు. అది పనిచేసేది కాల్చేవాడి మీద, ఆ ముఖాన్ని తమదిగా చూసుకునేవాళ్ల మీద.

అలా చూసుకునేవాళ్లు మంచిర్యాలకు ఎంతో దూరంలో లేరు. దసరా రాత్రి బొగ్గుగనుల ఊళ్లలో రావణుడి బొమ్మ పటాకుల మోతతో కాలుతుంది. చాలాచోట్ల వేషం కట్టిన రాముడో, ముఖ్య అతిథో ముందుగా బాణం వేస్తారు. నది దాటితే గడ్చిరోలి జిల్లా. అక్కడి పరస్వాడిలో అదే దసరాకు గోండులు రావణుణ్ని పూజిస్తారు. ఆయన తమ పూర్వీకుడని గోండుల్లో ఒక వర్గం నమ్మకం. మంచిర్యాల జిల్లాలోనే దండేపల్లి మండలం గుడిరేవులో దీపావళి ముందర పద్మల్‌పురి కాకో దేవత గుడి దగ్గర దండారీ నృత్యం ఆడే గోండులకు పండుగ అంటే తమ దేవతలు, తమ పెద్దలు. వాళ్ల పక్కనే ఇంకొకరి పూర్వీకుణ్ని ఏటేటా గురిగా నిలబెట్టడం చిన్న విషయమేమీ కాదు.

రామాయణాన్నే సాక్ష్యానికి పిలిస్తే అది రావణుడి బొమ్మను కాల్చే మైదానం పక్షాన నిలబడదు. యుద్ధకాండలో రావణుడు పడిపోయాక విభీషణుడు అంత్యక్రియలకు వెనకాడతాడు. చావుతోనే వైరం తీరిందని చెప్పి, ఆ కర్మ జరిపించమన్నది రాముడే. చితి పేర్చారు, వేదవిధిగా తమ్ముడు నిప్పు పెట్టాడు. వాల్మీకి చెప్పిన రావణ దహనం అదొక్కటే, అందులో గురి చూసినవాడు ఎవడూ లేడు.