గీటురాయి చెప్పనిది

హైదరాబాదు పాతబస్తీలో, గుల్జార్ హౌజ్ చెంతనున్న నగల అంగళ్లలో గీటురాయి బంగారపు వన్నెను చెబుతుంది. అది వచ్చిన దారిని చెప్పదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండిన రాయచూరు జిల్లా హట్టి గనుల్లో టన్ను రాతిని పొడిచేస్తే దక్కేది కొద్ది గ్రాములే. మూడు కిలోమీటర్ల లోతు దాటిన కోలారు గనులు 2001లో మూతపడినా, సైనైడు కలిసిన మట్టిదిబ్బలు ఊరి చెంతనే నిలిచిపోయాయి. రాతిధూళి ఎందరో శ్రామికుల ఊపిరితిత్తులను హరించింది.

అంతమాత్రాన బంగారం పాపం కాదు. దేవ, ఋషి, పితృ ఋణాలను తీర్చుకొమ్మన్న ధర్మం నేల ఋణాన్నీ, శ్రామికుని ఋణాన్నీ మరువమనలేదు. పాత నగను కరిగించి కొత్తది చేయించుకొన్నవాడు కొంత రాతిని భూగర్భంలోనే ఉండనిస్తాడు. తవ్వినవానికీ, తవ్విన నేలకూ న్యాయం జరిగినప్పుడే స్వర్ణం భగవదర్పణకు యోగ్యమవుతుంది.