సెన్సరే కదా అంటే చాలదమ్మా

అమ్మా, నువ్వు పంపిన ఫోటో చూశాను. మీటర్ల మధ్య పసుప్పచ్చగా ఇంజిన్ బొమ్మ. "పెద్దనాయనా, బండి బాగానే పోతోంది, లైటొక్కటే ఆరడం లేదు. మెకానిక్ సెన్సర్ పోయిందన్నాడు, ఏం కాదులే అన్నాడు" అని రాశావు. అతను చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఏ సెన్సర్ అని మాత్రం నువ్వు అడగలేదు, అతనూ చెప్పలేదు. నాకు పట్టింపు ఆ ఒక్క మాట దగ్గరే.

ముందు నీ భయం తీరుస్తాను. లైటు కదలకుండా నిలకడగా వెలుగుతూ, బండి ఈడ్పు తగ్గకుండా ఉంటే నువ్వు రోజూ పోయే చిత్తూరు దాకా పోయి రావచ్చు. నాలుగైదు రోజుల్లో చూపించుకుంటే సరిపోతుంది. అదే లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే లెక్క వేరు. సిలిండర్‌లో పెట్రోలు మండకుండా పచ్చిగానే పొగగొట్టంలోకి పోతోందని దానర్థం. ఆ పెట్రోలు పోయి, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండితే దాని లోపలి గూడు కరిగిపోతుంది, దాని ఖరీదు వింటే నీకు నిద్రపట్టదు. అప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి మెల్లగా పక్కకు తీసి ఆపడమే. ఎర్రగా ఆయిల్ గుర్తో, వేడి గుర్తో వెలిగిందంటే ఇంక ఆలోచించే పని లేదు. రోడ్డు పక్కకు తీసిన వెంటనే ఇంజిన్ కట్టెయ్.

బండి బాగానే పోతుంటే లైటెందుకు అని కదా నీ సందేహం? ఆ లైటు పుట్టింది బండి కోసం కాదు, గాలి కోసం. లాస్ ఏంజెలెస్ పొగతో విసిగిపోయిన కాలిఫోర్నియా వాళ్లు 1988 మోడల్ బండ్ల నుంచి, ఇంజిన్ తన తప్పు తానే పట్టి చెప్పాలని నిబంధన పెట్టారు. 1996 నుంచి అమెరికా అంతటా రెండో తరం పద్ధతి ఒకటే వచ్చింది. మన దేశంలో ఆ రెండో తరం పద్ధతి 2013 ఏప్రిల్ నుంచి. 2020లో బీఎస్-6 వచ్చాక నిఘా ఇంకా గట్టిపడింది. అందుకే పొగ రవ్వంత చెడినా, చెడిందో లేదో చెప్పాల్సిన సెన్సర్ చెడినా లైటు వెలుగుతుంది. మన చెవికీ కాలికీ తేడా ఏమీ తెలియకపోవచ్చు.

స్టీరింగ్ కింద, నీ మోకాలి దగ్గర, 16 పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. స్కానర్ పెట్టేది అక్కడే. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఒకటి కొని డ్యాష్‌బోర్డు అరలో పడేసుకో. మెకానిక్ స్కానర్ పెట్టినా సరే, ముందు కోడ్ ఫోటో తియ్యి. దాంతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒక పేజీ ఉంటుంది. తప్పు పట్టుబడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది, ఎంత స్పీడులో ఉంది అన్నీ అందులో ఉంటాయి. దాన్నీ తియ్యి. ఆ తరువాతే ఎవరైనా కోడ్ చెరిపేది. ఇక్కడ చాలామంది ముందు చెరిపేసి, మళ్లీ వస్తే చూద్దాంలే అంటారు. ఉన్న ఒక్క ఆధారాన్నీ అట్లా పోగొట్టుకుని, మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెడతారు.

కోడ్ చేతికొచ్చాక కూడా తొందరపడొద్దు. నీ బండిలో పీ0135 వచ్చిందనుకో. అది ఆక్సిజన్ సెన్సర్ హీటర్ కరెంటు దారిలో లోపం. ఈ సెన్సర్ పొగగొట్టానికి బిగించి ఉంటుంది, సుమారు మూడొందల డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. తొందరగా వేడెక్కడానికే లోపల చిన్న హీటర్. ఇప్పుడు చూడు, ఆ దారిలో సెన్సర్ ఒక్కటే లేదు. ఫ్యూజు ఉంది, వైరు ఉంది, కనెక్టర్ ఉంది. చింతచెట్టు కింద బండి పెడితే ఎలుకలు దూరి వైరు కొరికి ఉండొచ్చు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు నీళ్లలో నిలిచిన బండి అయితే కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కాబట్టి దాని గతం మనకు తెలియదు. కనెక్టర్ ఊడదీసి కళ్లతో చూడమను. మల్టీమీటర్‌తో హీటర్ రెండు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవమను. చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓమ్‌లు చూపిస్తే హీటర్ తీగ తెగలేదన్నమాట, అసలేమీ చూపించకపోతే తెగిపోయినట్టే. పది నిమిషాల పని. అది చెయ్యకుండా కొత్త సెన్సర్ బిగించాలనే వాడి దగ్గర కొంచెం ఆగు.

అదే పీ0171 వచ్చిందనుకో, దాన్నీ సెన్సర్ కోడే అని చెప్పి ఆక్సిజన్ సెన్సర్ మార్చేవాళ్లు దండిగా ఉన్నారు. ఆ కోడ్ సెన్సర్ చెడిందని చెప్పడం లేదమ్మా. పెట్రోలుకు తగినదానికంటే గాలి ఎక్కువవుతోందని సెన్సర్ చెప్పిన కబురు అది. ఏ రబ్బరు గొట్టమో పగిలి గాలి పీలుస్తుంటుంది, ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద దుమ్ము పట్టి ఉంటుంది, ఫ్యూయల్ పంపు నీరసించి ఉంటుంది. నిజం చెప్పిన సాక్షిని కొట్టి పంపినట్టు, పాపం బాగున్న సెన్సర్ని ఊడబెరికి కొత్తది పెడతారు. వారానికి మళ్లీ అదే లైటు.

చిత్తూరు రోడ్డులో నువ్వు రోజూ గాదంకి దాటుతావు కదా. అక్కడి వాతావరణ పరిశోధనాలయంలో పైగాలిని రాడార్‌తో కొలుస్తారు, బెలూన్‌కు పరికరం కట్టి పంపి కూడా కొలుస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. బండికీ అదే చెయ్యి. చాలా పెట్రోలు బండ్లలో ఇంజిన్ వేడెక్కాక కన్వర్టర్‌కు ముందుండే ఆక్సిజన్ సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టు మధ్య గబగబా ఊగుతూ ఉంటుంది. కన్వర్టర్ బాగుంటే దాని వెనకది నిలకడగా ఉంటుంది. స్కానర్‌లో ఆ గీతలు చూపించమని అడుగు. ముందుది ఊగకుండా ఒకచోట అతుక్కుపోయిందనుకో, అప్పుడు ఇంజిన్ రవ్వంత రేపి చూస్తే అది చచ్చిందో బతికుందో తేలుతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా బండి దొంగ కోడ్లు చూపిస్తుంది, అదీ కొలిపించు. తిరుపతి పక్కనే కరకంబాడిలో దేశమంతటికీ బ్యాటరీలు చేస్తున్నారు, మనమేమో అది పూర్తిగా చచ్చేదాకా కదలం.

ఇక "సెన్సరే కదా" అనే మాట. నాకు కోపమొచ్చేది దానికే. హీటర్ పోతే మైలేజీ తగ్గుతుంది, అంతకు మించి ప్రాణం మీదికి రాదు. ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ అలా కాదు. పీ0335 అని వచ్చిందంటే, ఇంజిన్ వేడెక్కాక నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు సాయం ఒకటి రెండు తొక్కులకే అయిపోతుంది, ఆ తరువాత కాలి బలమంతా పెట్టాలి. చంద్రగిరి దగ్గర సమంగా ఉన్న హైవే మీదైతే పక్కకు దొర్లించుకుంటావు. తిరుమల నుంచి దిగేటప్పుడు? మనం దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు. 36 హెయిర్‌పిన్ మలుపులు, వెనకాల బస్సులు. బండిలో మీ అమ్మ. ఎక్కేది 1974 నాటి రెండో రోడ్డు, అక్కడ ఆగినా హ్యాండ్‌బ్రేకు వేసుకుని నిలబడొచ్చు, దిగేటప్పుడు ఆ వెసులుబాటు తక్కువ. అందుకే కోడ్ తెలియకుండా కొండ కింద అలిపిరి గేటు దాటొద్దు.

మీ ఆఫీసులో ఎవరో లైటు మీద నల్ల స్టిక్కర్ అంటించుకోమన్నారట. అంటిస్తే, రేపు నిజంగా లైటు కొట్టుకునేటప్పుడు నీకు కనబడదు. బ్యాటరీ వైరు ఊడదీసి పెడితే ఆరిపోతుందన్నది ఇంకొకరి సలహా. ఆరుతుంది, దాంతోపాటు ఆ ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. నిజంగా బాగైతే మామూలుగా కొన్ని ప్రయాణాల్లో లైటు దానంతటదే ఆరుతుంది.

సెన్సర్ మార్చాల్సే వస్తే పెట్టెతో సహా పార్టు నంబరు చూసి కంపెనీదే వేయించు, పాతది అడిగి ఇంటికి తెచ్చుకో. రేపు సాయంత్రం స్కానర్ పెట్టించి రెండు ఫోటోలూ నాకు పంపు. శనివారం కొండకు పోవాలని మీ అమ్మ ఒకటే తొందర పెడుతోందట. హీటర్ కోడే అయితే మీ బండిలోనే పోండి. క్రాంక్ కోడ్ అయితే గమ్మున అలిపిరిలో ఆర్టీసీ బస్సెక్కండి.