ఖాళీ విడిచిన మాట

వైద్యుడు రోగిని పరీక్షించి కనుగొన్న విషయాలను, చేసిన శస్త్రచికిత్సను, ఇవ్వదలచిన మందులను నోటితో చెప్పి రికార్డు చేయగా, ఆ డిక్టేషన్‌ను మరొకరు విని ఆసుపత్రి దస్త్రంలో నిలిచే నివేదికగా టైపు చేయడాన్ని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. 1990ల చివరి ఏళ్లలో హైదరాబాదులో సైన్సు డిగ్రీ చదివిన ఎందరో యువతీయువకులకు హెడ్‌ఫోన్లు, ఫుట్ పెడల్ చేతికిచ్చి ఉపాధి చూపిన ఈ పని పైకి కేవలం లేఖకవృత్తిగా కనిపిస్తుంది. అయితే ఇందులో నిత్యం ఎదురయ్యే స్పెల్లింగు, శైలి సందేహాలను కొంచెం తరచి చూస్తే, శబ్దార్థ సంబంధాన్ని గురించి భారతీయ దార్శనికులు శతాబ్దాలపాటు వాదించుకొన్న ప్రశ్నే వాటి అడుగున ఉన్నదని తెలుస్తుంది: రాసేవాడు కట్టుబడవలసినది చెవిన పడిన ధ్వనికా, చెప్పినవాడి ఉద్దేశానికా, లేక ఆ రెంటితో నిమిత్తం లేకుండా రోగి దేహంలో ఉన్న వాస్తవానికా?

తాళపత్ర ప్రతులు రాసిన లేఖకులు గ్రంథం చివర, తాము చూసినది చూసినట్టే రాశామనీ, తప్పులుంటే ఆ దోషం తమది కాదనీ విన్నవించుకొంటూ ఒక శ్లోకం చేర్చేవారు. ట్రాన్స్‌క్రిప్షనిస్టుకు ఆ శ్లోకం చాటున నిలబడే వీలు లేదు, ఎందుకంటే ధ్వనిలో స్పెల్లింగు ఉండదు. చిన్నపేగు చివరి భాగాన్నీ, తుంటి ఎముక పైభాగాన్నీ వైద్యులు ‘ఇలియం’ అనే పలుకుతారు. తెలుగు లిపిలో ఈ రెంటికీ తేడాయే కనిపించదు గాని, ఇంగ్లీషులో మూడో అక్షరం పేగుకు ‘ఈ’, ఎముకకు ‘ఐ’. కాబట్టి విన్నది విన్నట్టు రాయడమనేది ఇక్కడ సాధ్యమే కాదు; ఆ ఒక్క అక్షరం వేయాలంటే రాసేవాడు ముందుగా అర్థాన్ని నిర్ణయించి తీరాలి.

ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో నైయాయికులు చక్కగా విడమరచారు. వాక్యం వల్ల జ్ఞానం కలగాలంటే పదాలు ఒకదానినొకటి కోరుకోవడమనే ఆకాంక్ష, వాటి అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడమనే యోగ్యత, ఎడం లేకుండా పలకడమనే సన్నిధి అవసరమని చెప్పి, వక్త తలపు అనే తాత్పర్యాన్ని కూడా వాటితో చేర్చారు. ‘నిప్పుతో తడుపుతున్నాడు’ అనే వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేకపోయినా, తడపడం నిప్పుకు పొసగదు గనుక యోగ్యత లేదు; భోజనం వేళ ‘సైంధవం తెమ్మ’ంటే ఉప్పు, ప్రయాణం వేళ అదే మాట అంటే గుర్రం. పెద్దపేగుతో కలిసే చోటు ప్రస్తావనకు వస్తే పేగును, విరగడం ప్రస్తావనకు వస్తే ఎముకను ఎంచుకొనే ట్రాన్స్‌క్రిప్షనిస్టు, న్యాయశాస్త్రం పేరు ఎన్నడూ వినకపోయినా, సైంధవ న్యాయాన్నే పాటిస్తున్నాడు. అసలు చిక్కు ఈ ఉపాయాలన్నీ చేతులెత్తేసిన చోట మొదలవుతుంది. మింగడంలో ఇబ్బందిని డిస్ఫేజియా అనీ, మెదడు దెబ్బతిని మాట తడబడటాన్ని డిస్ఫేసియా అనీ అంటారు. పక్షవాతం వచ్చిన రోగికి ఈ రెండూ రాదగినవే. రికార్డింగులో ఆ ఒక్క హల్లు మసకబారితే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి రెండు మాటలకూ సమానంగానే సరిపోతాయి, మిగిలిన తాత్పర్యమేమో అక్కడ లేని వైద్యుడి మనసులో ఉంటుంది.

అన్ని స్పెల్లింగు ప్రశ్నలూ ఇంత బరువైనవి కావు. బ్రిటిష్ సంప్రదాయపు పాఠ్యపుస్తకాలలో ‘అనీమియా’ను ‘ఏఈ’తో నేర్చుకొన్న తెలుగు పట్టభద్రుడు తనకు పని పంపే అమెరికా ఆసుపత్రి కోసం ‘ఏ’ను వదిలి ఒక్క ‘ఈ’తో రాయవలసి వచ్చినప్పుడు రోగి రక్తంలో మార్పేమీ రాదు. ఇటువంటి సందర్భాన్నే పతంజలి మహాభాష్యం ఆరంభంలో చర్చించాడు: ఆవును ‘గౌః’ అన్నా, జనం వాడే అపభ్రంశ రూపాలతో పిలిచినా తెలిసేది ఆవే అయినప్పుడు, సాధుశబ్దమే వాడాలనే కట్టుబాటు అర్థం కోసం కాదు, ధర్మం కోసం. ఈ వృత్తి పాటించే శైలి గ్రంథాలలోని నియమాలు చాలావరకు ఈ కోవకే చెందుతాయి; అవి పాటించదగినవే గాని, అర్థానికి కాపుగాసే నియమాలతో సమానంగా, వాటిని తప్పినా నివేదికకు మార్కులు కోసే అలవాటు మాత్రం సమంజసమని తోచదు.

అర్థానికి కాపుగాసే నియమం ఎలా ఉంటుందో సున్నా చెబుతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ప్రకటించిన ‘వాడరాదు’ జాబితా ప్రకారం, మందు మోతాదులో దశాంశ బిందువు తరువాత వృథా సున్నా ఉండకూడదు, బిందువుకు ముందు సున్నా లోపించకూడదు. బిందువు కంటికి ఆనకపోతే 5.0 మిల్లీగ్రాములు 50గా, .5 మిల్లీగ్రాములు 5గా మారిపోతాయి. అందువల్ల వైద్యుడు ‘ఫైవ్ పాయింట్ జీరో’ అని స్పష్టంగా పలికినా రాయవలసినది 5 మాత్రమే. విచిత్రమేమిటంటే, ప్రయోగశాల ఫలితంలో అదే సున్నా కొలత ఎంత సూక్ష్మమైనదో తెలుపుతుంది గనుక అక్కడ దానిని ఉంచవచ్చునని ఆ జాబితాయే మినహాయింపునిచ్చింది.

పలుకు తలపును తప్పితే ఏమవుతుందో చెప్పడానికి వైయాకరణులు వృత్రుడి కథను ఉదాహరిస్తారు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు పుట్టాలని వృత్రుడి తండ్రి త్వష్ట చేయించిన యాగంలో ‘ఇంద్రశత్రు’ పదానికి స్వరం తప్పి, ‘ఇంద్రుణ్ణి చంపేవాడు’ అనే తత్పురుష సమాసం ‘ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు’ అనే బహువ్రీహిగా మారింది. ఫలితం తలపును కాక పలుకునే అనుసరించింది. ఆ నోటికీ ఆ అగ్నికీ నడుమ ఎడిటర్ లేడు. ట్రాన్స్‌క్రిప్షన్‌లో ఉన్నాడు; నివేదిక మొదట్లో ‘కుడి మోకాలు’ అని చెప్పిన వైద్యుడు చివరకు వచ్చేసరికి ‘ఎడమ మోకాలు’ అంటే ఆ పొరపాటు అతడి కంటబడుతుంది. కాని దానిని తానుగా దిద్దే అధికారం అతడికి లేదు. అనుమానం ఉన్నదని గుర్తు పెట్టి వెనక్కు పంపవలసిందే.

ఈ అధికారపు హద్దు వ్యాధి నామాలలో ఇంకా స్పష్టమవుతుంది. జాన్ లాంగ్‌డన్ డౌన్ 1866లో వర్ణించిన స్థితికి ఆయన పేరు పెట్టినప్పటికీ, అది ఆయనకు వచ్చినదీ కాదు, ఆయన సొత్తూ కాదు గనుక, ఆ పేరు మీది షష్ఠీ విభక్తి గుర్తును అమెరికా శైలి తొలగించింది. ఇది లిపి వరకే పరిమితమైన మార్పు. నాజీ వైద్యాధికారి హాన్స్ రైటర్ పేరిట వాడుకలోకి వచ్చిన వ్యాధిని ‘రియాక్టివ్ ఆర్థ్రైటిస్’ అనాలని వైద్యలోకమే కోరుతున్నా, వైద్యుడు ‘రైటర్’ అని పలికితే దానిని మార్చడం వేరే సంగతి: అది స్పెల్లింగు సవరణ అనిపించుకోదు, మరొకరి నోట మాట పెట్టడమవుతుంది. 1978లో ట్రాన్స్‌క్రిప్షన్ పేరుతో ఏర్పడిన అమెరికా వృత్తి సంఘం 2007లో ‘అసోసియేషన్ ఫర్ హెల్త్‌కేర్ డాక్యుమెంటేషన్ ఇంటెగ్రిటీ’గా పేరు మార్చుకోవడంలో, పత్రం నిష్కళంకంగా ఉండాలన్న ఆశయం నకలు తీయడమనే పాత భావాన్ని వెనక్కు నెట్టడం కనిపిస్తుంది, ఆ ఆశయానికి ఎక్కడ కళ్లెం వేయాలన్నదే చిక్కు.

ఆ కళ్లెమే బ్లాంక్. ఎంత విన్నా తేలని మాట దగ్గర ఊహతో పూరించకుండా ఖాళీ విడిచి, రికార్డింగులో అది ఏ నిమిషాన ఉన్నదో గుర్తు వేయడం ఈ వృత్తిలోని నియమం. బ్లాంకులు ఎక్కువైతే పనితనం తక్కువని లెక్కగట్టే చోట్ల ఊహించి పూరించాలనే ఒత్తిడి ఉండకపోదు. ఇప్పుడు తొలి ప్రతిని తయారుచేస్తున్న వాక్కు గుర్తింపు యంత్రాలు కూడా ఇరుగుపొరుగు పదాలను బట్టి ఎక్కువ సంభావ్యమైన మాటను అక్కడ నింపుతాయి. అంటే ఆకాంక్షకూ సన్నిధికీ దగ్గరగా ఏదో ఒకటి చేస్తాయి గాని, ఈ రోగి విషయంలో ఆ మాట యోగ్యమా అన్నది వాటికి పట్టదు. వేదం అపౌరుషేయం, అంటే కర్త లేనిది, అని నమ్మిన మీమాంసకులకు అడగడానికి వక్త లేడు. అందుచేత ఉపక్రమం, ఉపసంహారం వంటి లింగాలతో, అనగా ఆనవాళ్లతో, వాక్యం నుంచే తాత్పర్యాన్ని రాబట్టే శాస్త్రం నిర్మించుకోవలసి వచ్చింది. వైద్య నివేదిక పౌరుషేయం. దాని వక్త బతికే ఉన్నాడు, సాయంత్రానికి ఆ ఖాళీ ఆయన ముందుకే వెళుతుంది. ఆయన తన గొంతు తానే మళ్లీ విని, డిస్ఫేజియా అన్నానో డిస్ఫేసియా అన్నానో తనకే తేలక, లేచి రోగి మంచం దగ్గరకు వెళ్లవలసి రావడమూ ఉన్నది.