పద్నాలుగేళ్ళ పిల్ల 'ఊఁ' అంటే...

వేసవి సెలవులంటే మన చిన్నతనంలో ఆవకాయ ముక్కలు, అమ్మమ్మగారి వూరు, మధ్యాహ్నం వామనగుంటలు, రాత్రి డాబా మీద పక్కలు. ఆ రెండు నెలల్లో మనం సాధించిందేమీ లేదు. సాధించమని ఎవరూ అడగనూ లేదు. ఇప్పుడో? పరీక్షలు అయీ అవకముందే పక్కింటావిడ గోడ మీంచి అడుగుతుంది, "మీ అమ్మాయిని ఎందులో చేర్పించారండీ?" అని. ఎందులోనూ చేర్పించలేదంటే ఆవిడ చూసే చూపుంటుందే, అందులో బోలెడంత జాలి!

ఈ చేర్పించడాల్లో కొన్ని సరదాకి. కొన్ని మాత్రం సరదాకి కాదు. పిల్ల జీవితమంతా ఏం చెయ్యబోతోందో ఆ వేసవిలోనే తేల్చేసేవి. అలాంటి వాటిలో పాశ్చాత్యుల బాలే నాట్యానికి ఇచ్చే వేసవి శిక్షణ ఒకటి. దాని సంగతి నాకు తెలిసింది న్యూజెర్సీలో స్థిరపడ్డ చిన్ననాటి స్నేహితురాలి వల్ల. వాళ్ళమ్మాయికి పద్నాలుగేళ్ళు. అయిదేళ్ళప్పుడు పక్కింటి పిల్లతో పాటు సరదాగా బాలే తరగతికి వెళ్ళింది. ఆ పక్కింటి పిల్ల ఎప్పుడో మానేసింది, ఇది మానలేదు.

ఆ శిక్షణ ఎలా వుంటుందో వింటే మనకి కళ్ళు తిరుగుతాయి. పెద్ద పెద్ద నాట్య పాఠశాలల వాళ్ళు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వూరూరా తిరిగి ఎంపికలు జరుపుతారు. పిల్లలందరి గుండెల మీదా కాగితం అంకెలు గుచ్చుతారు. పేరుతో పనిలేదు, అంకెతోనే పని. ఎంపికైన వాళ్ళు వేసవిలో మూడు నుంచి ఆరు వారాలు ఇల్లు వదిలి హాస్టల్లో వుండాలి. పొద్దున్నే గోడ పక్కన కొయ్యకడ్డీ పట్టుకుని మొదలుపెడితే సాయంత్రం దాకా ఒకదాని తర్వాత ఒకటి తరగతులే. వారానికి అయిదారు రోజులు ఇంతే. ఖర్చు వేల డాలర్లలో వుంటుంది. బొటనవేళ్ళ మీద నిలబడేందుకు తొడుక్కునే ఆ పట్టు బూట్లున్నాయే, లోపల గుడ్డనీ జిగురునీ పొరలు పొరలుగా వేసి గట్టిపరిచినవి, అవి గట్టిగా సాధన చేసే పిల్లకి కొద్ది రోజుల్లోనే మెత్తబడిపోతాయి. జత వంద డాలర్లకి అటూ ఇటూగా వుంటుంది!

ఇందులో ఇంకో సంగతి కూడా వుంది. చాలా పాఠశాలలకి వేసవి తరగతులంటే పాఠం చెప్పడం ఒక్కటే కాదు, పిల్లల్ని దగ్గరగా చూసుకోవడం కూడా. సంవత్సరం పొడుగునా వుంచుకుని తయారుచెయ్యదగ్గ వాళ్ళెవరో అక్కడే ఏరుకుంటారు. న్యూయార్కులో బాలన్‌షిన్, కిర్‌స్టీన్ కలిసి 1934లో మొదలుపెట్టిన స్కూల్ ఆఫ్ అమెరికన్ బాలేలో కూడా ఇదే పద్ధతి. అంటే పెళ్ళిచూపులు అయిదారు వారాల పాటు సాగుతాయన్నమాట!

స్నేహితురాలు ఫోన్లో ఇదంతా చెప్పి, "పిల్ల ఊఁ అందే. అది ఊఁ అన్నాక నేనెవర్ని కాదనడానికి?" అంది. సరే, ఆ పిల్లనే అడుగుదామని ఫోన్ ఇమ్మన్నాను. "నీకు ఇష్టమేనా అమ్మా?" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, తనకొచ్చిన తెలుగులో, "ఇప్పుడు ఇష్టమే ఆంటీ. ఇంక ఎప్పటికీ ఇష్టమేనా అంటే నాకెలా తెలుస్తుంది?" అంది.

చూశారా! ఆ మాటతోనే నేను ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కూర్చున్నాను. పద్నాలుగేళ్ళ పిల్ల అన్న 'ఊఁ' విలువ ఎంత? ఎంతకాలం చెల్లుతుంది?

మన దేశంలో ఈ ప్రశ్న కొత్తది కాదు. 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు ఆడపిల్లకి పెళ్ళి వయస్సు పద్నాలుగు అని పెట్టారు. 1949లో దాన్ని పదిహేను చేశారు, 1978లో పద్ధెనిమిది చేశారు. జీవితాంతం కట్టుబడాల్సిన మాట పద్నాలుగేళ్ళకి ఇవ్వడం తగదని మనం తెలుసుకోవడానికి అన్నేళ్ళు పట్టింది. మరి పెళ్ళికి తగదన్న మాట వృత్తికి ఎలా తగింది? ఇంజనీరింగ్ సీటు కోసం ఆరో తరగతి నుంచే పిల్లల్ని కోచింగుకి పంపిస్తున్న మనం అమెరికా తల్లుల్ని అనడానికి లేదనుకోండి. అదలా వుంచండి.

అయితే పద్ధెనిమిది నిండేదాకా ఆగుదామా? మీరూ నేనూ అయితే అదే అంటాం. కానీ బాలే ఆగదు. ఆ నాట్యానికి కాళ్ళు తుంటి దగ్గర్నుంచి బయటికి తిరగాలి. ఆ తిరగడం కండరాలు, కీళ్ళు ఇంకా లేతగా వున్నప్పుడు వచ్చినంత సులువుగా తర్వాత రాదు. అలాగని మరీ తొందరపడటానికీ లేదు. పాదాల ఎముకలు లేతగా వుంటాయి కనుక పదకొండు, పన్నెండేళ్ళ లోపు బొటనవేళ్ళ మీద నిలబెట్టరు, బాధ్యత తెలిసిన గురువులు. పదిహేడు, పద్ధెనిమిదేళ్ళకి నాట్య బృందాల్లో ఉద్యోగం కోసం నిలబడాలి. ముప్ఫై అయిదు, నలభై దగ్గరకొచ్చేసరికి చాలామందికి రంగస్థలం మీద రోజులు చెల్లిపోతాయి. ఇంతా చేసి వున్న ఉద్యోగాలు కొన్నే, నేర్చుకునే పిల్లలేమో వేలమంది.

కనుక ఆగుదాం అనడం కూడా ఒక నిర్ణయమే. ఆగామంటే తలుపు మూసేశామన్నట్టే. అన్నా పావ్లోవాని ఆవిడ తల్లి, ఇళ్ళల్లో బట్టలుతికి బతికిన మనిషి, బాలే చూడ్డానికి తీసుకెళ్ళి, ఆ తర్వాత 1891లో పదేళ్ళ పిల్లని పీటర్స్‌బర్గ్ రాజనాట్యశాలలో చేర్చింది. పిల్లకి బుద్ధి తెలిసేదాకా ఆగుదామని ఆ తల్లి అనుకుని వుంటే ప్రపంచానికి పావ్లోవా వుండేది కాదు.

ఆ పావ్లోవా స్నేహం వల్లే మన రుక్మిణీదేవి నాట్యం వైపు తిరిగారు. ముందు బాలే కొంత నేర్చుకున్నారు. మీ దేశపు నాట్యాన్ని వెతుక్కోండి అని పావ్లోవా చెప్పిందట. రుక్మిణీదేవి భరతనాట్యం నేర్చుకుని 1935లో మొదటిసారి ప్రదర్శన ఇచ్చేనాటికి ఆవిడకి ముప్ఫై దాటాయి. మరుసటి ఏడాదే కళాక్షేత్ర పుట్టింది. ముప్ఫైలో మొదలుపెట్టిన మనిషిని మన నాట్యం అక్కున చేర్చుకుంది, బాలే అయితే చేర్చుకునేది కాదు. ఏ కళ గొప్పదని నేను పోటీ పెట్టడం లేదు. ఒక్కో కళకీ ఒక్కో పంచాంగం వుంటుందంటున్నాను. మనిషి మనస్సుకి వేరే పంచాంగం వుంటుంది. ఆ రెండూ కలవకపోవడమే ఇక్కడ చిక్కు.

మరి ఏం చెయ్యాలి? నాకు మన కూచిపూడి గుర్తొస్తోంది. సిద్ధేంద్రయోగి ఆ వూరి బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లల చేత సత్యభామ వేషం కడతామని మాట తీసుకున్నాడని ఐతిహ్యం. ఇంకా పుట్టని పిల్లలకి కూడా ఆ మాట వర్తించింది. ఇంతకన్నా బలవంతం ఏముంటుందని మొదట నాకూ అనిపించింది. కానీ ఆ మాటలోని షరతు చూడండి, జీవితంలో ఒక్కసారైనా కట్టాలి అన్నాడు. జీవితమంతా కట్టమనలేదు! ఒక్కసారి కట్టి తన పని తాను చూసుకున్న వాడూ మాట నిలబెట్టుకున్నట్టే. ఆ వేషాన్నే బతుకంతా ఆరాధించి, చీర కట్టి జడ పట్టుకుని వస్తే ఆడవాళ్ళే అసూయపడేటట్టు చేసిన వేదాంతం సత్యనారాయణశర్మగారూ మాట నిలబెట్టుకున్నట్టే. ఇద్దరికీ ఆ వూళ్ళో చోటుంది.

నాకు తోచిన జవాబు ఇదే. పద్నాలుగేళ్ళ పిల్ల 'ఊఁ' అంటే నమ్మాలి. కానీ అది ఆ వేసవికి మాత్రమే చెల్లే 'ఊఁ' అని పెద్దవాళ్ళు గుర్తుంచుకోవాలి. వచ్చే వేసవికి మళ్ళీ అడగాలి. ఆ పై వేసవికి మళ్ళీ. అడిగేటప్పుడు "మానేస్తావా ఏమిటి?" అన్న గొంతుతో కాకుండా, ఏ జవాబైనా వినగల గొంతుతో అడగాలి. అది ఎంత కష్టమో తల్లులందరికీ తెలుసు.

అడగడంతో పాటు నిజం చెప్పాలి. వందమంది పిల్లల్లో ఎందరికి రంగస్థలం దక్కుతుందో గురువుకి తెలుసు, తల్లికీ లోలోపల తెలుసు. పిల్లకి మాత్రం "నువ్వు కష్టపడితే చాలు" అంటాం. చాలదు. తుంటి ఎముక అమరిక కష్టపడితే మారదు. పన్నెండు, పదమూడేళ్ళకి ఉన్నట్టుండి పొడుగు సాగి, నిన్నటిదాకా వచ్చిన తిరుగుడు ఇవాళ రాకపోతే అది బద్ధకం కాదు. ఆ మాట చెప్పకపోతే పిల్ల తప్పు తనదేననుకుంటుంది. అద్దంలో చూసుకుని తిండి మానేస్తుంది. సరిగ్గా తినక నెలసరి ఆగిపోయిన పిల్లకి ఎముకలు బలహీనపడతాయనీ, సన్నటి బీటలు కూడా వస్తాయనీ డాక్టర్లు చెప్తున్నారు. ఆ వయస్సు ఆడపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఇక ఆఖరిది, మానేస్తానన్నప్పుడు లెక్కలు తియ్యకూడదు. "ఎన్ని డాలర్లు పోశాం, ఎన్ని వేసవులు నీకోసం వదులుకున్నాం" అన్న మాట ఒక్కసారి ఇంట్లో వినపడిందా, ఇక అంతవరకూ పిల్ల నేర్చుకున్నది కళ కాదు, అప్పు. అప్పు తీర్చడానికి నాట్యం చేసే పిల్ల కాళ్ళు ఎంత బాగా తిరిగితేనేం?

"మరి మానేస్తే ఆ వేసవులన్నీ వృథాయేగా?" అంటారు మీరు. 'సాగరసంగమం' సినిమా 1983లో వచ్చింది, ఇప్పటికీ టీవీలో వస్తే మనం లేవకుండా చూస్తాం. అందులో బాలకృష్ణకి తను కోరుకున్న వేదిక దక్కలేదు. అయినా మనం అతని బతుకు వృథా అనం. అతని కాళ్ళలోది ఇంకో పిల్ల కాళ్ళలోకి వెళ్ళింది. అంతదాకా ఎందుకు, ఒక పని సరిగ్గా చెయ్యడమంటే ఏమిటో ఒంటికి తెలిసిన మనిషి తర్వాత డాక్టరైనా, గుమాస్తా అయినా, ఇల్లాలైనా ఆ తెలివిడి ఎక్కడికీ పోదు. సభలో కూర్చుని ఇంకొకరి నాట్యం చూసి, ఎక్కడ మెచ్చుకోవాలో తెలిసి మెచ్చుకునే వాళ్ళు లేకపోతే కళ మాత్రం ఎలా బతుకుతుంది?

మన అమ్మమ్మలకి 'ఊఁ' అనే అవకాశం లేదు. మనకి ఒక్కసారి వచ్చింది, మళ్ళీ ఎవరూ అడగలేదు. కోరుకున్న చదువైనా, చేసుకున్న ఉద్యోగమైనా, కట్టుకున్న మనిషైనా, "ఇంకా నీకు ఇష్టమేనా?" అని ఏ వేసవిలోనైనా మనల్ని ఎవరైనా అడిగారా చెప్పండి! అడిగి వుంటే మనలో చాలామందిమి 'ఊఁ' అనే అనేవాళ్ళం కాబోలు. కానీ ఆ 'ఊఁ' మనదై వుండేది. మన ఆడపిల్లలకి గజ్జెలు కొనిచ్చినా, పట్టు బూట్లు కొనిచ్చినా, వాటితో పాటు ఆ ప్రశ్న కూడా ఏటేటా ఇద్దాం. దానికి ఖర్చేమీ లేదు, కాస్త గుండె ధైర్యం తప్ప.