ఫ్రిజ్‌కి తాళమెందుకు?

బీరువాకీ, బస్సుకీ, ఫ్రిజ్‌కీ ఏమిటండీ చుట్టరికం? పొడుపుకథ వేస్తున్నాననుకోకండి. ఈ మూడూ ఒకే ఇంటి ఆడపడుచులు. పుట్టిల్లు హైదరాబాదు. ఇంటిపేరు ఆల్విన్.

ఇప్పటి కొత్త కోడళ్లకి ఆ పేరు తెలియకపోవచ్చు గాని, నలభై యాభై ఏళ్ల కిందట కాపరాలు పెట్టినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. 1942లో నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధీ, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ అనే వర్తక సంస్థా కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ అని ఒక కర్మాగారం పెట్టాయి. స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రాలు మారాయి, కర్మాగారం ప్రభుత్వ రంగంలోకి వచ్చింది. సనత్‌నగర్‌లోని ఆ హైదరాబాద్ ఆల్విన్ ఇనప బీరువాలు చేసింది, బస్సులకి బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది. తరవాత జపాను సీకో కంపెనీ సాయంతో చేతిగడియారాలు కూడా చేసింది. హైదరాబాదు వీధుల్లో ఒకప్పుడు ఠీవిగా తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులకి ఒళ్లు కుట్టింది కూడా ఈ చేతులే.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ముడిసరుకు ఒక్కటే, ఇనప రేకు. రేకుని కొయ్యడం, వంచడం, అతకడం, రంగు వెయ్యడం, తలుపు బిగించడం. ఆ పనితనం చేతికొచ్చాక పెట్టె ఏదైనా చెయ్యొచ్చు. పట్టుచీరలు పెడితే బీరువా. మనుషుల్ని ఎక్కిస్తే బస్సు. చల్లదనాన్ని నిలవ చేస్తే ఫ్రిజ్.

రేకు ఒకటే గాని వాటి నీతులు వేరు. బీరువా "ఇది నాది, చెయ్యి తియ్యి" అంటుంది. అలా అనకపోతే అది బీరువాయే కాదు. బస్సేమో "కాస్త సర్దుకోండమ్మా, ఇంకొకరు ఎక్కాలి" అంటుంది. మరి ఫ్రిజ్? అది బీరువాకి చెల్లెలా, బస్సుకి చెల్లెలా? నవ్వకండి. వంటింట్లో రోజూ మనమే తేల్చుకోవలసిన ధర్మసందేహం ఇది.

పాత ఫ్రిజ్‌లు చూసినవాళ్లకి జ్ఞాపకం ఉంటుంది. ఒక కంపెనీ అని కాదు, అప్పట్లో మన దేశంలో తయారైన ఫ్రిజ్‌లలో చాలావాటి తలుపుకి తాళంచెవి బెజ్జం ఉండేది. ఇవాళ ఈ మాట చెపితే పిల్లలు నమ్మరు. "ఫ్రిజ్‌కి తాళమా అమ్మమ్మా!" అని విరగబడి నవ్వుతారు. కాని వస్తువుకి రూపం గీసే ఇంజనీరు ఊరికే గియ్యడు, కొనేవాళ్ల మనసు చూసి గీస్తాడు. ఫ్రిజ్ అంటే అప్పుడు కొన్ని నెలల జీతం. ప్రభుత్వం కూడా దాన్ని విలాస వస్తువుగా లెక్కకట్టి భారీగా పన్ను వేసేది. అంత పెట్టి కొన్నదానికి బీరువా మర్యాదే జరిగింది. హాల్లో నలుగురికీ కనపడేచోట పెట్టడం, పైన కుట్టుపని చేసిన గుడ్డ పరచడం, తాళంచెవి కొంగున ముడివెయ్యడం.

సరే, ఆ తాళం ఎవరికోసం? పాలగిన్నె ఎత్తుకుపోడానికి గజదొంగ రాడు కదా! పిల్లలకోసం. పనిమనిషికోసం. ఒక్కో ఇంట్లో, నిజం చెప్పొద్దూ, కోడలికోసం కూడాను. అంటే ఆ చిన్న బెజ్జం బయటివాళ్లని చూసి పుట్టలేదు. ఇంట్లోవాళ్లని చూసే పుట్టింది.

అమెరికాలో ఇదే తలుపు గురించి ఎదురు కథ నడిచింది. అక్కడి పాత ఫ్రిజ్‌లకి బయట గొళ్లెం లాంటి పిడి ఉండేది. పడితే లోపలినుంచి తీయడం కుదరదు. పారేసిన ఫ్రిజ్‌లలో దాగుడుమూతలకి దూరిన పిల్లలు ఊపిరాడక చనిపోయారు. తల్లుల గోడు విని 1956లో చట్టం చేశారు, తలుపు లోపలినుంచి తోసినా తెరుచుకోవాలని. ఆ గొళ్లేలు పోయి, తలుపు చుట్టూ ఉండే రబ్బరులో అయస్కాంతం పెట్టడం వచ్చింది. ఇవాళ మన ఇంట్లో ఫ్రిజ్ తలుపు మెత్తగా "టప్" మని అతుక్కుంటుందే, ఆ చిన్న చప్పుడు వెనక ఎందరు తల్లుల కడుపుకోత ఉందో చూడండి. తలుపు ఎలా మూసుకోవాలన్నది కూడా నీతికి సంబంధించిన విషయమే అన్నమాట.

మళ్లీ మన ఊళ్లకి వద్దాం. చింతలపూడి లాంటి ఊళ్లలో వీధికి ఒక ఫ్రిజ్ ఉన్న కాలం తలుచుకోండి. వేసవి మధ్యాహ్నం ఆ ఇంటి గుమ్మం ఖాళీగా ఉండేదా? "అక్కయ్యగారూ, అల్లుడొచ్చాడు, నాలుగు ఐసుముక్కలు పెడుదురూ!" అని ఒకావిడ. "అత్తయ్యా, సాయంత్రందాకా ఈ పాలు మీ ఫ్రిజ్‌లో ఉంచమంది మా అమ్మ" అని ఒక పిల్ల. ఎదురింటి మాస్టారి ఇన్సులిన్ సీసా, పక్కింటి పసివాడి మందు. తాళం ఉన్నా తాళంచెవి దానికే వేలాడుతుండేది, ఎన్నిసార్లని తీస్తారు పాపం! ఆ ఇల్లాలు కాస్త విసుక్కునీ ఉంటుంది, కాస్త గర్వపడీ ఉంటుంది. ఏమైనా, తాళంతో వచ్చిన ఆ ఫ్రిజ్ తెలియకుండానే బస్సు అయిపోయింది.

ఆ తరవాత ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చింది. తాళాలు పోయాయి, రంగులు వచ్చాయి, తలుపులు రెండయ్యాయి. సంతోషించవలసిందే. కాని గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్లు ఆగిపోయారు. ఎవరూ చెడ్డవాళ్లు కాలేదు సుమండీ. అడగవలసిన అవసరం పోయింది, అడిగే చనువు కూడా దానితోపాటే పోయింది. తాళమున్న ఫ్రిజ్ వీధి అందరిదీ, తాళంలేని ఫ్రిజ్ ఎవరిది వాళ్లది! ఎంత విడ్డూరమో చూశారా?

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఫ్రిజ్ లేని రోజుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మిగిలిన అన్నం, కూర, పులుసు ఏమయ్యేవి? కొంత రాత్రికి, కొంత పొద్దున్న చద్దికి, మిగతాది గిన్నెలు తోమే మనిషి కొంగులోకో, అరుగుమీద కూర్చున్న ముసలమ్మ విస్తట్లోకో. ధనానికి దానం, భోగం, నాశం అని మూడే దారులని భర్తృహరి చెప్పాడు. వండిన అన్నానికీ ఆ మూడే. ఫ్రిజ్ వచ్చి నాలుగో దారి చూపించింది, "ఉండనీ, రేపు చూద్దాం" అని. ఆ నాలుగోదారిలో మొదట పోయింది ముసలమ్మ విస్తరే.

ఇక్కడ ఆగి, అంతా ఫ్రిజ్ పాపమే అని తేల్చేస్తే సులువుగా ఉంటుంది. కాని మనసు ఒప్పుకోదు. ఒక ప్రశ్న అడుగుతాను, ఉన్నమాట చెప్పండి. రాత్రికి పులిసిపోతుందని తెలిసి పెట్టిన అన్నం దానమేనా? పెట్టకపోతే పారబోయాల్సిందేగా! అందులో మన ఉదారం ఎంత, ఎండ వేడిమి ఎంత? ఆ రోజుల్లో మనచేత పెట్టించింది దయ కాదు, వైశాఖమాసం. పైగా తాజాగా ఉన్నప్పుడు మనం తిని, వాసన రాబోయే వేళకి ఇంకొకళ్లకి పెట్టడంలో పుణ్యమెంతో ఆ తీసుకున్నావిడనే అడగాలి.

ఇంకోమాట కూడా ఒప్పుకుని తీరాలి. ఆ పాతకాలపు పెట్టుపోతల వెనక ముప్పొద్దులా పొయ్యిముందు కాలిన ఆడమనిషి ఉంది. పొద్దున్న పప్పు రాత్రికి ఉండదు గనక మళ్లీ వండాలి. పిండి పులుస్తుంది గనక మళ్లీ రుబ్బాలి. జ్వరమొచ్చినా పాలు కాచక తప్పదు. ఫ్రిజ్ ఆమెకి పూటకో గంట విరామం ఇచ్చింది. ఉద్యోగానికి వెళ్లే అమ్మాయికి అయితే ప్రాణమే నిలిపింది. పదిమందీ తిన్నారని ముచ్చటపడి, వండినామె నడుముని మరిచిపోతే అది ధర్మం కాదు.

కాబట్టి నాకు తోచింది ఇది. ఫ్రిజ్ మన దయని తీసుకుపోలేదు, మన బలవంతాన్ని తీసుకుపోయింది. ఇదివరకు పెట్టక తప్పేది కాదు. ఇప్పుడు పెట్టకపోయినా గడుస్తుంది. గడుస్తున్నప్పుడు పెట్టినదే కదండీ అసలు పెట్టడం! చెయ్యి ఇప్పుడు స్వేచ్ఛగా ఉంది, అది చాచుతుందా, ముడుచుకుంటుందా అన్నది మన ఇష్టం. చిక్కేమిటంటే, బలవంతానికి ఒక మంచిగుణం ఉంది, అది అలవాటు నేర్పుతుంది. వేసవి ఎండ చెవిమెలేసి నేర్పిన అలవాటుని ఇప్పుడు మన పిల్లలకి ఎవరు నేర్పాలి? ఫ్రిజ్ నేర్పదు. మనమే నేర్పాలి.

నాలుగో దారి ఎక్కడికి వెళుతుందో కూడా చూద్దాం. చలి సూక్ష్మజీవుల పని మందగింప చేస్తుందే గాని పూర్తిగా ఆపదు. అంటే పాడవడం వాయిదా పడుతుందంతే. మూడోరోజున గిన్నె మూత తీసి, వాసన చూసి, మొహం అటు తిప్పుకుని పారబోస్తాం. "రేపు" అని దాచినదానికి చివరికి దక్కింది మూడో దారే, నాశం. మధ్యలో కరెంటు ఖర్చు అదనం.

చలి మాట వచ్చింది గనక ఒక రహస్యం చెపుతాను. ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచెయ్యదు. లోపలి వేడిని తీసి బయట పారబోస్తుంది. గొట్టాల్లో తిరిగే ద్రవం ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి, వెనకవైపు ఆ వేడిని వదిలిపెట్టిస్తుంది. వెనక చెయ్యిపెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. మన పెరుగు చల్లబడితే మన వంటిల్లు వేడెక్కుతుందన్నమాట. ఒకప్పుడు ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఏకంగా ఆకాశంలోని ఓజోను పొరనే తినేస్తున్నాయని తెలిసి, 1987లో పలు దేశాలు మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకుని వాటిని క్రమంగా మానిపించాయి. ఎవరి చల్లదనానికైనా ఎవరో ఒకరు వేడి భరించాలి. ఇది భౌతికశాస్త్రమే గాని, ఉమ్మడి కాపరం చేసినవాళ్లకి కొత్త సంగతేమీ కాదు!

ఈ ఫ్రిజ్‌కి లొంగని వస్తువు ఒకటి మా వైపు ఉంది, మామిడికాయ. 2022లో జిల్లాలు మార్చినప్పుడు నూజివీడూ చింతలపూడీ ఏలూరు జిల్లాలో ఒక గూటికి చేరాయి గాని, మామిడితోటల దృష్టిలో ఈ రెండూ ఎప్పుడూ ఒకే సీమ. తోటనుంచి వచ్చిన పచ్చి రసాలకాయల్ని ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. సుమారు పదమూడు డిగ్రీలకన్నా చలి తగిలితే దానికి ఒళ్లు పాడవుతుంది. తొక్క నల్లబడుతుంది, సరిగా పండదు, పండినా రుచి ఉండదు. వరిగడ్డిలో పరిస్తేనే దానికి సుఖం. అలా పరిచాక చూస్తే, అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పండుతాయి. వంద రసాలు రెండురోజుల్లో ఏ ఇల్లు తినగలదు? ఇక బుట్టలు బయల్దేరక తప్పదు, పక్కింటికి, వియ్యాలవారింటికి, బడిపంతులుగారింటికి, పనిమనిషి పిల్లలకి. పంచిపెట్టమన్న ఆజ్ఞ ఆ పండులోనే రాసిపెట్టి ఉంది. అందులో ముఖ్యమైన సంగతి, అవి మిగిలినవి కావు. మనం తినేవాటిలోనివే, అదే వేళకి, అంతే తాజాగా.

ఆ మామిడిబుట్ట నీతి ఫ్రిజ్‌కి పట్టదా అంటే, పట్టించినవాళ్లున్నారు. 2015లో స్పెయిను దేశంలో గల్డకానో అనే ఊళ్లో వీధిలో ఒక ఫ్రిజ్ పెట్టారు. ఎక్కువైనవాళ్లు పెట్టవచ్చు, కావలసినవాళ్లు తీసుకోవచ్చు, ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. 2016లో కొచ్చిలో ఒక హోటలు నడిపే అమ్మాయి తన హోటలు ముందు అలాంటిదే పెట్టి, "నన్మ మరం" అని పేరుపెట్టింది, మంచితనపు చెట్టు అని అర్థం. తాళం లేదు, కొంగున ముడి లేదు. అదే రేకు, అదే రబ్బరు, అదే కంప్రెసర్. పెట్టిన చోటు మారింది, అంతే.

ఆల్విన్ కథ ఏమయిందంటారా? నష్టాల్లో కూరుకుపోయింది. 1990ల మొదట్లో ఫ్రిజ్ విభాగం వోల్టాస్ కంపెనీ చేతికి వెళ్లింది, మిగతావీ ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. హైదరాబాదులో ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అనే పేర్లు మాత్రం మిగిలాయి. ఆ చౌరస్తాలో బస్సు దిగేవాళ్లలో ఎందరికి తెలుసో, ఒకప్పుడు బస్సునీ బీరువానీ ఫ్రిజ్‌నీ కన్నతల్లి పేరు అదని. ప్రభుత్వ కర్మాగారమైనా, ఇంట్లో ఫ్రిజ్ అయినా, ఎంత గట్టి రేకు వేసినా దేనికైనా ఒక గడువు ఉంటుంది కాబోలు.

ఇక మన సందేహం. ఫ్రిజ్ బీరువాకి చెల్లెలా, బస్సుకి చెల్లెలా అన్నది కర్మాగారంలో తేలదు. ఈ రాత్రి భోజనాలయ్యాక, మిగిలిన గిన్నె చేత్తో పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడతారు చూడండి, అప్పుడు తేలుతుంది. రేపు మనం నిజంగా తినేదయితే నిక్షేపంగా లోపల పెట్టండి, మీ నడుముకి ఆ విశ్రాంతి న్యాయమే. తినమని లోపల తెలిసిపోతూంటే మాత్రం, తలుపు మూసేముందు ఒక్కసారి వీధివైపు చూడండి. రేపటినుంచి ఆ చూపు మిగిలాక కాదు, వడ్డించేముందే చూడగలిగితే మరీ మంచిది. ఏమంటారు?